డిటెక్టివ్ నవల పాఠకుడితో తొండి ఆడుతుందా?

యాంకర్: నమస్కారం. ఈ రోజు స్టూడియోలో ముగ్గురున్నారు. నేర నవలలు రాసే రచయిత, ఇంగ్లీష్ సాహిత్యం బోధించిన లెక్చరర్ మేడమ్, క్రిమినల్ కేసులు వాదించే లాయర్ గారు. ఒక సంగతి ముందే చెప్పేస్తున్నాం. కొన్ని పాత కథల్లో హంతకుడెవరో ఈ చర్చలో బయటపడిపోతుంది. లాయర్ గారూ, పేరున్న డిటెక్టివ్ నవలలు తొండి ఆడతాయని మీ ఫిర్యాదు. మీరే మొదలుపెట్టండి.

లాయర్: కోర్టులో ప్రాసిక్యూషన్ తను ఆధారపడే కాగితాలను ముద్దాయికి ముందే ఇవ్వాలండీ. ఆఖరి రోజున జేబులోంచి కొత్త సాక్ష్యం తీస్తే ఎవరూ ఊరుకోరు. షెర్లాక్ హోమ్స్ చేసేది సరిగ్గా ఆ పనే. 1887లో వచ్చిన ‘ఎ స్టడీ ఇన్ స్కార్లెట్’ తీసుకోండి. హోమ్స్ అమెరికాలోని క్లీవ్‌లాండ్ పోలీసులకి టెలిగ్రాం ఇస్తాడు. హంతకుడి పేరు ఆ జవాబులోనే వచ్చేస్తుంది. మనకి ఆ ముక్క చెప్పేది అరెస్టు అయిపోయాక! ఇక పాఠకుడు పట్టుకునేదేముంది?

రచయిత: ఆ నవల వరకూ మీ మాటే నా మాట. కానీ అదే కానన్ డాయిల్ 1892లో ‘సిల్వర్ బ్లేజ్’ రాశాడు. రేసు గుర్రం మాయమైంది, దాని ట్రైనర్ చచ్చి పడున్నాడు. ఆ రాత్రి గుర్రపుశాల కాపలా కుర్రాడు తిన్న మటన్ కర్రీలో నల్లమందు కలిసింది. అందరూ ఓ బయటివాణ్ణి అనుమానిస్తారు. నల్లమందు రుచి తెలియకూడదంటే కూరలో మసాలా ఘాటు ఉండాలి. సరిగ్గా ఆ రాత్రే కర్రీ వండాలని బయటివాడెలా ఏర్పాటు చేస్తాడు? అది ఇంట్లోవాళ్ల చేతిలో పని. కూర సంగతి మనకి మొదట్లోనే చెప్పేశాడు. ఈ కథ అనగానే జనం గుర్రపుశాలలో ఆ రాత్రి మొరగని కుక్కనే తలుచుకుంటారు గానీ, నా దృష్టిలో కూరే గొప్ప ఆధారం.

యాంకర్: మరి ఆధారాలు దాచకూడదన్న నియమం ఎప్పుడొచ్చింది మేడమ్?

లెక్చరర్: 1929లో రోనాల్డ్ నాక్స్ పది నియమాలు రాశారు. ఆయన కేథలిక్ ఫాదర్, డిటెక్టివ్ నవలా రచయిత కూడా. దెయ్యాలూ భూతాలూ రాకూడదు, రహస్య మార్గం ఒకటికి మించకూడదు, డిటెక్టివ్‌కి దొరికిన ఆధారం వెంటనే పాఠకుడికీ చూపించాలి. అదే ఏడాది అమెరికాలో ఎల్లరీ క్వీన్ మొదటి నవల వచ్చింది. అందులో చివరికొచ్చేసరికి కథ ఆపి, ఇప్పుడు హంతకుడెవరో మీరే తేల్చండని పాఠకుడికి సవాలు విసురుతారు. ఇక లండన్‌లో 1930లో డిటెక్షన్ క్లబ్ పెట్టుకున్న రచయితలైతే, ముఖ్యమైన ఆధారం దాచబోమని ప్రమాణమే చేసేవాళ్లు.

లాయర్: ఆ క్లబ్‌లో అగాథా క్రిస్టీ కూడా ఉన్నారు కదా! నాలుగేళ్ల ముందు ఆవిడేం చేశారు? 1926లో ‘ది మర్డర్ ఆఫ్ రోజర్ ఎక్రాయిడ్’. మనకి కథ చెబుతున్న డాక్టర్ షెపర్డే హంతకుడు. డిటెక్టివ్ పక్కనుండే మనిషి తన మనసులో మాట దాచకూడదని నాక్స్ తొమ్మిదో నియమం. షెపర్డ్ నవల పొడుగునా దాస్తూనే ఉన్నాడు.

లెక్చరర్: దాచాడు, కానీ హత్య దగ్గర అబద్ధం రాయలేదు. ఆ చోటు మళ్లీ చదవండి. ఎనిమిది నలభైకి ఉత్తరం వచ్చింది, ఎనిమిది యాభైకి నేను బయల్దేరాను, ఎక్రాయిడ్ ఇంకా ఉత్తరం చదవలేదు అంటాడు. మధ్యలో పది నిమిషాలు ఏం జరిగిందో చెప్పడు. తలుపు మీద చెయ్యేసి, వెనక్కి చూసి, చేయాల్సిందేమైనా మిగిలిందా అని ఆలోచించానంటాడు. శవం బయటపడ్డాక కూడా అంతే. బట్లర్‌ని పోలీసులకి ఫోన్ చేయమని పంపేసి, చేయాల్సిన కాస్త పనీ చేశానని రాస్తాడు. ఆ కాస్త పని ఏమిటంటే, మాటలు రికార్డు చేసి వినిపించే డిక్టాఫోన్‌ని బ్యాగులో పెట్టుకోవడం, దానికి అడ్డంగా లాగి ఉన్న కుర్చీని గోడ వైపు నెట్టేయడం!

లాయర్: డిక్టాఫోన్ సంగతి పాఠకుడికి ఎలా తెలుస్తుంది?

రచయిత: అన్నీ ముందే ఉన్నాయండీ. డిక్టాఫోన్ కంపెనీ మనిషి ఎక్రాయిడ్‌ని కలిసి వెళ్లాడని సెక్రటరీ చెబుతాడు. కుర్చీ జరిగి ఉందని బట్లర్ చెబుతాడు. డాక్టర్‌కి యంత్రాలు విప్పి బిగించే సరదా ఉందనీ మనకి తెలుసు, వర్క్‌షాప్‌లో అలారం గడియారం బాగుచేస్తూ కనిపిస్తాడు. కథ చెప్పేవాణ్ణి అనుమానించాలని మనకి తట్టదు, అంతే. అందరినీ అనుమానించడం పాఠకుడి పని అని మరో డిటెక్టివ్ నవలా రచయిత్రి డొరొతీ సేయర్స్ 1928లోనే ఈ నవలని వెనకేసుకొచ్చింది.

లాయర్: వినడానికి బాగుంది. కానీ పాఠకుడికి హెచ్చరిక ఉండొద్దా? మామూలుగా చదివేవాడు ఆ పది నిమిషాల దగ్గర ఎందుకు ఆగుతాడు?

లెక్చరర్: హెచ్చరికా ఉంది. ఇరవై ఏడు అధ్యాయాల నవలలో ఇరవై మూడో దానిలో డిటెక్టివ్ పొయిరో, షెపర్డ్ రాస్తున్న ఈ కథ రాతప్రతి చదువుతాడు. జరిగినవన్నీ ఉన్నదున్నట్టు రాశావు, నీ గురించి మాత్రం చాలా తక్కువ చెప్పుకున్నావు అంటాడు. డాక్టర్‌తో సూటిగా, మన కళ్లముందే.

లాయర్: ఇంకా నాలుగు అధ్యాయాలు ఉండగానే?

లెక్చరర్: ఉండగానే.

లాయర్: అయితే క్రిస్టీ మీద నా కేసు వెనక్కి తీసుకుంటున్నాను. క్లీవ్‌లాండ్ టెలిగ్రాం మీద మాత్రం తీసుకోను.