ప్రిమకోవ్ ఎనిమిది నెలలు

సభాధ్యక్షులు గారికి, వేదిక మీదున్న పెద్దలకు, ఇంత వానలోనూ వచ్చి కూర్చున్న మిత్రులకు నమస్కారం. "మారుతున్న ప్రపంచంలో రష్యా" అనే అంశం మీద మాట్లాడమని నన్ను పిలిచారు. కాగితం మీద పాయింట్లు కూడా రాసుకొచ్చాను. కానీ ఇవాళ అక్టోబర్ 29. రష్యా మాజీ ప్రధాని యెవ్గెనీ ప్రిమకోవ్ పుట్టినరోజు. 1929లో కీవ్‌లో పుట్టారాయన. ఈ రోజున మైకు చేతికిచ్చి ఆయన గురించి మాట్లాడకుండా ఉండమంటే నా వల్ల కాదు. ఆ పాయింట్లు పక్కన పెడుతున్నాను, మన్నించాలి.

మన దగ్గర ఆయన పేరు తెలిసినవాళ్లు చెప్పేది ఒకటే కథ. 1999 మార్చి. ప్రధానిగా అప్పు మాటలకోసం వాషింగ్టన్ బయల్దేరారు. విమానం ఐర్లండ్‌లోని షానన్‌లో ఇంధనం పోసుకుని అట్లాంటిక్ మీదికి వెళ్లింది. యుగోస్లావియా మీద బాంబులు వేయబోతున్నామని అమెరికా ఉపాధ్యక్షుడు ఆల్ గోర్ ఫోన్‌లో చెప్పారు. ఈయన విమానం వెనక్కి తిప్పించి మాస్కో వచ్చేశారు. గొప్ప సంగతే, కాదనను. కానీ మనిషిని ఆ ఒక్క మలుపు దగ్గరే ఆపేస్తే అన్యాయం అంటాను.

రెండో మాట, ఆయన గూఢచారి అని. గూఢచార సంస్థకి అధిపతి అయిన మాట నిజం. అప్పటికి ఆయనకి 60 దాటాయి. అంతకు ముందు జీవితంలో ఎక్కువ భాగం చదువూ రాతా. పెరిగింది టిబిలిసిలో, డాక్టరైన తల్లి ఒక్కతే పెంచింది. బాకూ నౌకాదళ పాఠశాలలో చేరితే క్షయ వచ్చిందని పంపించేశారు. మాస్కోలో అరబిక్ చదివి, రేడియోలో పనిచేసి, ప్రావ్దా పత్రిక విలేఖరిగా కైరో వెళ్లారు. అక్కడి నుంచి ఉత్తర ఇరాక్ కొండల్లోకి, కుర్దు నాయకుడు ముస్తఫా బర్జానీ దగ్గరికి వెళ్లారు. సద్దాం హుస్సేన్ ఇంకా అధ్యక్షుడు కాకముందే ఆయనతో పరిచయం. తర్వాత ప్రాచ్య అధ్యయన సంస్థకి ఎనిమిదేళ్లు డైరెక్టర్. అంటే ఒక ప్రాంతం గురించి మాట్లాడాలంటే ముందు ఆ భాష రావాలి, అక్కడి మనుషులతో కూర్చుని టీ తాగి ఉండాలి అని నమ్మిన తరం మనిషి.

1991 ఆగస్టులో సోవియట్ అధ్యక్షుడు గోర్బచేవ్‌ని దించాలని చేసిన కుట్ర విఫలమయ్యాక, సోవియట్ గూఢచార, భద్రతా సంస్థ కేజీబీని ముక్కలు చేశారు. అందులోని విదేశీ గూఢచార విభాగాన్ని గోర్బచేవ్ ఈయన చేతిలో పెట్టారు. మూడు నెలలు తిరక్కుండానే సోవియట్ యూనియన్ లేదు. రష్యా అధ్యక్షుడిగా యెల్ట్సిన్ వచ్చి, గోర్బచేవ్ మనిషి అని తెలిసి కూడా ఈయన్నే ఉంచారు. 1996 జనవరి దాకా ఉన్నారు. ఇల్లు కూలిపోతుంటే సామాను కాపాడినట్టు ఆ సంస్థని కాపాడారు. నాకు ముఖ్యంగా అనిపించేది ఇంకొకటి. 1993లో అమెరికా, యూరప్ దేశాల సైనిక కూటమి నాటో విస్తరణ మీద ఆ సంస్థ ఒక నివేదిక రాసి, విలేఖరుల్ని పిలిచి మరీ బయట పెట్టింది. రహస్యాలు దాచడమే పనైన ఆఫీసు, మా ఆలోచన ఇదీ, చదవండి అని జనం ముందుకి రావడం! ఆ తర్వాత విదేశాంగ మంత్రిగా ఆయన అన్నదీ అదే మాట: ప్రపంచం ఒక్క కేంద్రం చుట్టూ తిరగకూడదు.

నేను గుండె డాక్టర్ని కాబట్టి ఒక్క విషయం చెప్పకుండా ముందుకెళ్లలేను. ఆయన కొడుకు 1981 మే 1న గుండె ఆగి పోయాడు. 27 ఏళ్ల కుర్రాడు. ఆరేళ్లకి, 1987లో, భార్య లౌరా కూడా గుండెజబ్బుతోనే పోయారు. ఆ మొహంలో నవ్వు తక్కువని విమర్శించేవాళ్లకి ఈ రెండు తేదీలు చెప్తుంటాను.

సరే. నా సంగతికి వస్తాను. దానికోసమే ఇంతసేపూ మాట్లాడుతున్నాను.

1998లో నేను మాస్కోలో మెడిసిన్ చదువుతున్నాను. మా నాన్న అరెకరం అమ్మి పంపిన డబ్బు, ఏడాది ఖర్చుకి సరిపోయేది, రూబుళ్లలో మార్చి ఒక బ్యాంకులో వేశాను. వడ్డీ బాగా వస్తుందని అందరూ వేస్తున్నారు. ఆగస్టు 17న ప్రభుత్వం అప్పులు కట్టలేనని చేతులెత్తేసింది. అంతకు ముందు డాలర్‌కి 6 రూబుళ్ల చిల్లర. సెప్టెంబర్ మొదటి పది రోజుల్లోనే 20 దాటింది. నా బ్యాంకు తలుపుకి ఒక కాగితం అంటించి ఉంది. తెల్లవారుజామున నాలుగింటికే లైను. నా ముందు నిలబడ్డ పెద్దాయన కోటు మీద యుద్ధంలో వచ్చిన పతకాలు. ఎవరూ అరవడం లేదు. అన్ని వందల మంది నిలబడి అంత నిశ్శబ్దంగా ఉండటం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. షాపుల్లో పంచదార, నూనె, పిండి మాయం. గ్రేచ్కా అనే ధాన్యం, మన జొన్నల్లాగా వాళ్లకి రోజూ తిండి, అదీ లేదు.

మా హాస్టల్ గేటు దగ్గర ఒక పెద్దావిడ డ్యూటీలో ఉండేది. అందరం బాబుష్కా అనేవాళ్లం. ఆమె పెన్షన్ నెలల తరబడి రాలేదు. అయినా నా మొహం చూసి విషయం కనిపెట్టి, బల్ల కింద నుంచి బంగాళాదుంపల సంచి తీసి చేతిలో పెట్టింది. ఊళ్లో తన తోటలో పండినవి, మట్టి ఇంకా తడిగా ఉంది. "తిను సినోక్, పరీక్షలు ఆగవుగా" అంది. సినోక్ అంటే నాయనా అని.

అలాంటి సెప్టెంబర్‌లో, యెల్ట్సిన్ ప్రధానిగా ప్రతిపాదించిన చెర్నోమీర్దిన్‌ని దూమా, అంటే రష్యా పార్లమెంటు దిగువ సభ, రెండుసార్లు వద్దంది. ప్రిమకోవ్ మొదట ఒప్పుకోలేదు, తర్వాత ఒప్పుకున్నారు. సెప్టెంబర్ 11న 317 ఓట్లు అనుకూలం, 63 వ్యతిరేకం. కమ్యూనిస్టులూ వేశారు, ఉదారవాదులూ వేశారు. ఆ దేశంలో ఆ రోజుల్లో అందరికీ ఆమోదమైన పేరు ఇంకొకటి లేదు.

ఏం చేశారు? పెద్ద మాటలు చెప్పలేదు. వచ్చీరాగానే జీతాల, పెన్షన్ల బకాయిలు కట్టడం మొదలుపెట్టారు. బడ్జెట్‌ని ఉన్నంతలో నడిపారు. నోట్లు ఎడాపెడా అచ్చేస్తారని పాశ్చాత్య పత్రికలు భయపెట్టాయి, అది జరగలేదు. అప్పుడు చమురు బ్యారెల్ 12 డాలర్ల దగ్గర ఉంది, అంటే చేతికి వచ్చేది కూడా ఏం లేదు. రూబుల్ పడిపోవడం వల్లే దేశీయ ఫ్యాక్టరీలు లేచాయని ఆర్థికవేత్తలు చెప్తారు. ఒప్పుకుంటాను. కానీ ఆ సమయంలో కుదురుగా ఉండే చెయ్యి ఒకటి స్టీరింగ్ మీద ఉండాలి కదండీ. 1999లో ఆ ఆర్థిక వ్యవస్థ 6 శాతానికి పైగా పెరిగింది.

బాబుష్కాకి డిసెంబర్‌లో బకాయిలు వచ్చాయి. అన్నీ కాదు, కొన్ని. నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి, నాకు ఒక చాక్లెట్ కొనిచ్చింది.

అదే డిసెంబర్‌లో ఆయన ఢిల్లీ వచ్చారు. వాజపేయి గారితో మాట్లాడారు. రష్యా, భారత్, చైనా ముగ్గురూ కలిసి నడిస్తే బాగుంటుందని అక్కడే అన్నారు. అప్పుడు చాలామంది అయ్యేపని కాదన్నారు. పోఖ్రాన్ పరీక్షలు జరిగి ఏడు నెలలే, చైనాతో మాటామాటా పెరిగి ఉన్న సమయం. ఇవాళ బ్రిక్స్ దేశాల కూటమి అని మీరు టీవీల్లో వింటున్నదాని మొదటి విత్తుల్లో అది ఒకటి.

ఇక నా కోపం. ఈ మనిషిని ఎలా పంపించారో చూడండి. 1999 మే 5. క్రెమ్లిన్‌లో ఒక సమావేశం, టీవీ కెమెరాలున్నాయి. యెల్ట్సిన్ మాట్లాడబోయి ఆగారు. బల్ల చుట్టూ చూశారు. చాలాసేపు. "సరిగ్గా కూర్చోలేదు" అన్నారు. స్తెపాషిన్ మొదటి ఉపప్రధాని, సరిచేయండి అన్నారు. స్తెపాషిన్ లేచి ముందుకొచ్చి కూర్చున్నారు. ప్రిమకోవ్ తల వంచుకుని కూర్చున్నారు. హాస్టల్ టీవీ గదిలో మేం యాభై మందిమి చూశాం. వారానికి, మే 12న, తీసేశారు. దూమాలో యెల్ట్సిన్ మీద అభిశంసన ఓటింగ్‌కి సరిగ్గా మూడు రోజుల ముందు. జనం సర్వేల్లో ఈయన పైన ఉండటమే వాళ్ల అసలు భయం. ఓడిపోయి ఇంటికెళ్లడం వేరు, పని చేసినందుకు పంపించడం వేరు. అవునా కాదా, మీరే చెప్పండి.

అక్కడితో ఆగలేదు. ఆ శరత్కాలంలో ఆయన ఎన్నికల్లోకి వస్తుంటే, దేశంలో అందరూ చూసే చానెల్‌లో తుంటి ఆపరేషన్ దృశ్యాలు, రక్తంతో సహా, చూపించారు. ఆయన స్విట్జర్లండ్‌లో తుంటి మార్పిడి చేయించుకున్నారు కాబట్టి ఇక పనికిరాడని అర్థం వచ్చేలా. ఇక్కడ డాక్టర్లున్నారు, మోకాలో తుంటో మార్పించుకున్న పెద్దలున్నారు. ఒక రోగి శరీరాన్ని అలా బజార్లో పెట్టొచ్చా? ఆ రాత్రే ఆయన ఇంకో చానెల్‌కి లైవ్‌లో ఫోన్ చేసి తనకేం కాలేదని చెప్పుకోవాల్సి వచ్చింది. 70 ఏళ్లు నిండబోతున్న వయసులో. డిసెంబర్‌లో ఆయన కూటమికి 13 శాతం ఓట్లే వచ్చాయి. ఫిబ్రవరిలో అధ్యక్ష పోటీ నుంచి తప్పుకున్నారు.

తప్పుల్లేని మనిషి అనను. నియంతలతో మాట్లాడితే వింటారని మరీ నమ్మారు. 1990లో, 91లో బాగ్దాద్ వెళ్లినా యుద్ధం ఆగలేదు. 2003లో పదవి వదులుకోమని చెప్పడానికి పుతిన్ పంపితే, సద్దాం విని, భుజం తట్టి, గదిలోంచి వెళ్లిపోయారు. అయినా ప్రతిసారీ వెళ్లారు. బాంబులు పడుతున్న ఊరికి కూడా వెళ్లారు.

2015 జూన్ 26న పోయారు. మాస్కోలో విదేశాంగ శాఖ భవనం ఎదురుగా 2019లో విగ్రహం పెట్టారు.

అధ్యక్షులు గారు రెండోసారి చీటీ పంపారు. ఒక్క నిమిషం. మే 12 సాయంత్రం లైబ్రరీ నుంచి హాస్టల్‌కి వచ్చాను. బాబుష్కా రేడియో ఆపేసి కూర్చుని ఉంది. ఊరు వెళ్లి బంగాళాదుంపలు నాటి వచ్చిందేమో, గోళ్లలో మట్టి. నేను ఏమీ అడగలేదు. తనే అంది: "నాలుగు నెలల బాకీ మిగిలింది సినోక్. ఆయనుంటే ఇచ్చేవాడు."