జావా జైళ్ళలో బియ్యం లెక్క

[తెర: జావా, మదురా దీవుల పటం. దాని మీద 101 చుక్కలు.]

ఈ పటంలో చుక్కలన్నీ జైళ్ళు. ఇప్పటి ఇండోనేషియాలోని జావా, దాని పక్కనే ఉన్న మదురా, రెండు దీవుల్లో కలిపి 101. కాలం 1890ల నడిమి భాగం, పాలిస్తున్నది డచ్చివాళ్ళు. ఈ జైళ్ళలో రెండు లక్షల డెబ్భై తొమ్మిది వేల పైచిలుకు ఖైదీలు ఏ బియ్యం తిన్నారు, వాళ్ళలో ఎంతమందికి కాళ్ళు చచ్చుబడే బెరిబెరి జబ్బు వచ్చింది అని ఒక ఆరోగ్య శాఖ ఇన్‌స్పెక్టర్ లెక్క తీశాడు. ఆయన పేరు అడోల్ఫ్ వోర్డర్‌మన్.

విటమిన్ల కథ చెప్పేవాళ్ళు మామూలుగా కోళ్ళ దగ్గర మొదలుపెట్టి నోబెల్ బహుమతి దగ్గర ఆపుతారు. వోర్డర్‌మన్‌ని మధ్యలో ఒక్క వాక్యంలో దాటేస్తారు. నన్నడిగితే అసలు పని చేసింది ఈయనే. కానీ కోళ్ళ సంగతి తెలియకపోతే జైళ్ళ సంగతి అర్థం కాదు కాబట్టి, ముందు కోళ్ళే.

[తెర: పాతకాలం మిలటరీ ఆసుపత్రి. పొడవాటి వరండా, ఇనప మంచాలు.]

ఇవాళ్టి జకార్తా అప్పట్లో బటావియా. సుమత్రా దీవి ఉత్తర కొసన ఉన్న ఆచే రాజ్యం మీద డచ్చివాళ్ళు 1873లో యుద్ధానికి దిగారు. అది ఏళ్ళ తరబడి తెమల్లేదు. అక్కడికి పంపిన సైనికులు యుద్ధం మాట అటుంచి, బెరిబెరితో మంచాన పడుతున్నారు. ముందు అరికాళ్ళు మొద్దుబారతాయి, నేల మీద అడుగు పడిందో లేదో తెలియదు. పిక్క నొక్కితే విలవిల్లాడిపోతారు. తర్వాత పాదం పైకి లేవదు, ఈడ్చుకుంటూ నడవాలి. కొందరికి ఒళ్ళంతా నీరు పడుతుంది, ఆయాసం పెరుగుతుంది, ఉన్నట్టుండి గుండె ఆగిపోతుంది.

1886లో హాలండ్ ప్రభుత్వం పెకెల్‌హారింగ్, వింక్లర్ అనే ఇద్దరు నిపుణుల్ని పంపింది. అది రోగాలకి సూక్ష్మజీవులే మూలమని చూపించిన పాశ్చర్, కాక్‌ల కాలం. క్షయకి సూక్ష్మజీవి దొరికింది, కలరాకి దొరికింది, బెరిబెరికి మాత్రం ఎందుకు దొరకదు? వెతికితే రోగుల రక్తంలో ఏవో గుండ్రటి బాక్టీరియా కనిపించాయి కూడా. ఇదే కారణం అని తేల్చి, బ్యారక్‌లలో క్రిమిసంహారకాలు చల్లించమని చెప్పి మరుసటి ఏడాది వాళ్ళు తిరుగు ఓడ ఎక్కారు. మిగతా పని వాళ్ళతో వచ్చిన కుర్ర మిలటరీ డాక్టర్ క్రిస్టియాన్ ఐక్‌మన్ మీద పడింది. బెర్లిన్‌లో కాక్ దగ్గరే పని నేర్చుకున్నవాడు. 1888లో ఆసుపత్రి ఆవరణలోని చిన్న ల్యాబ్‌కి ఆయన డైరెక్టర్ అయ్యాడు.

ఆ సూక్ష్మజీవిని జంతువుల్లోకి ఎక్కించి రోగం తెప్పించాలని ఐక్‌మన్ ప్రయత్నం. కోళ్ళైతే చవక, మేపడం తేలిక.

[తెర: ల్యాబ్ వెనక కోళ్ళ గూడు. ఒక కోడి దండె మీద నిలబడలేక తూలుతుంది.]

1889 జులై 10న కోళ్ళకి జబ్బు మొదలైంది. నడక తడబడింది. దండె పట్టుకోలేక కింద పడ్డాయి, పడ్డవి లేవలేక పక్కకి ఒరిగిపోయాయి, చివరికి ఊపిరి అందక జుట్టు నీలం తిరిగింది. మనుషుల బెరిబెరికి అచ్చం నకలు. ఐక్‌మన్ సంతోషించేవాడే. చిక్కేమిటంటే, సూది వెయ్యని కోళ్ళకీ అదే వచ్చింది. విడిగా వేరే గూట్లో పెట్టినవాటికీ వచ్చింది. నవంబరు చివర్లో ఏ మందూ లేకుండా అన్నీ తేరుకున్నాయి.

ఆరా తీస్తే తేలింది. జూన్ 17 నుంచి నవంబరు 27 దాకా కోళ్ళకి ఆసుపత్రి వంటింట్లో మిగిలిన తెల్లన్నం పెట్టారు. తర్వాత కొత్త వంటవాడు వచ్చాడు. మిలటరీ బియ్యంతో వండిన అన్నం సివిలియన్ కోళ్ళకి ఎలా పెడతానని మొండికేశాడు. దాంతో కోళ్ళు మళ్ళీ పాత మేతకి వచ్చాయి, బతికాయి. గవర్నమెంటు ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్ళకి ఆ వంటవాడి రూలు ఏమంత వింతగా ఉండదు.

ఆ తర్వాత ఐక్‌మన్ ఏళ్ళ తరబడి ఓపిగ్గా పరీక్షలు చేశాడు. పాలిష్ పట్టిన బియ్యం పెడితే జబ్బు, తవుడు పొర ఉన్న బియ్యం పెడితే లేదు. జబ్బు పడ్డ కోడికి తవుడు పెడితే లేచి తిరుగుతుంది. ఇంత చేతికందినా ఆయన చెప్పిన కారణం మాత్రం తప్పు. బియ్యంలోని పిండిపదార్థం నుంచి కడుపులో ఏదో విషం పుడుతుందనీ, తవుడులో దానికి విరుగుడు ఉందనీ అనుకున్నాడు. రోగమంటే ఒంట్లోకి ఏదో చెడ్డది వచ్చి చేరడం అని నేర్చుకున్న తరం అది. ఏదో లోపించడం వల్ల కూడా రోగం వస్తుందన్న ఊహ తట్టడం కష్టం.

[తెర: మళ్ళీ జైళ్ళ పటం. చుక్కలు మూడు రంగుల్లోకి మారతాయి.]

కోళ్ళకి వచ్చింది, సరే. మనుషులకీ ఇంతేనా? ఈ ప్రశ్నే వోర్డర్‌మన్‌ది.

మనుషుల మీద ఇలాంటి పరీక్ష చెయ్యడం అంత సులువు కాదు. ఎవరేం తింటున్నారో ఊరంతా తిరిగి రాసుకున్నా నమ్మలేం. డబ్బున్నవాళ్ళు తెల్ల బియ్యం కొంటారు, దానితో పాటు చేపా మాంసం కూడా తింటారు. కానీ జావా జైళ్ళలో పరిస్థితి వేరు. ఏ ప్రాంతంలో ఏ బియ్యం వాడుకలో ఉంటే అక్కడి జైల్లో అదే వండేవాళ్ళు. ఒకచోట దంపిన ఎర్ర బియ్యం, ఒకచోట మరపట్టిన తెల్లవి, కొన్నిచోట్ల రెండూ కలిపి. ఖైదీకి ఎంచుకునే వీలు లేదు, పెట్టింది తినాలి. పరిశోధకుడు చెయ్యాల్సిన విభజన ఏళ్ళ కిందటే జైలు వంటిళ్ళలో జరిగిపోయి ఉంది. ఆ సంగతి కనిపెట్టడమే వోర్డర్‌మన్ గొప్ప.

[తెర: పట్టిక, ఒక్కో వరుసా మెల్లగా వస్తుంది.]

పొర పోని బియ్యం వండే జైళ్ళు 37. వాటిలో బెరిబెరి ఉన్నది ఒక్క జైల్లో. రెండు రకాలూ కలిపి వండేవి 13. బెరిబెరి ఉన్నవి 6. పాలిష్ బియ్యం వండేవి 51. బెరిబెరి ఉన్నవి 36.

మనుషుల లెక్కన చూస్తే తేడా ఇంకా దారుణం. తెల్ల బియ్యం తిన్నవాళ్ళలో దాదాపు నలభై మందికి ఒకరు చొప్పున జబ్బు పడ్డారు. పొర ఉన్న బియ్యం తిన్నవాళ్ళలో సుమారు పదివేల మందికి ఒకరు.

సరే, తెల్ల బియ్యం పెట్టే జైళ్ళు పాతవేమో, గాలి ఆడనివేమో, కిక్కిరిసి ఉన్నాయేమో? వోర్డర్‌మన్ ఆ ప్రశ్న ఇంకొకళ్ళు అడిగేదాకా ఆగలేదు. కట్టడం ఎంత పాతది, నేల ఎలాంటిది, గాలి వస్తుందా, జనం ఎంత, సముద్రమట్టానికి ఎంత ఎత్తులో ఉంది, అన్నీ రాసుకున్నాడు. వాటిలో ఏదీ రోగంతో జత కుదరలేదు. జత కుదిరింది బియ్యం ఒక్కటే. 1897లో ఆ నివేదిక అచ్చయింది. ఇవాళ ఎపిడమాలజీ, అంటే జనంలో రోగాలు ఎవరికి ఎందుకు వస్తాయో తేల్చే శాస్త్రం, చదివే పిల్లలు క్లాసులో నేర్చుకునే పద్ధతిని, కంప్యూటరూ కాలిక్యులేటరూ లేని రోజుల్లో ఒక ఇన్‌స్పెక్టర్ చేసి చూపించాడు.

అయినా అందరూ ఒప్పుకోలేదు. పొర ఉన్న బియ్యం పెట్టినా ఒక జైల్లో వచ్చింది కదా, తెల్ల బియ్యం పెట్టినా 15 జైళ్ళలో రాలేదు కదా అన్నారు. ఈ రెండో అభ్యంతరం చిన్నది కాదు. దానికి జవాబు చెప్పాలంటే అన్నంలోకి ఏం కలుపుకున్నారో తెలియాలి.

[తెర: గిన్నెలో నానబెట్టిన పెసలు.]

ఐక్‌మన్ ఆరోగ్యం చెడి 1896లో హాలండ్ వెళ్ళిపోయాడు. ఆయన స్థానంలో అదే ల్యాబ్‌లో పని అందుకున్నవాడు గెరిట్ గ్రైన్స్. ఈయన 1901లో చెప్పిన మాట చిన్నది, కానీ అందరి ఆలోచననీ తిప్పేసింది: తవుడులో ఉన్నది విరుగుడు కాదు, నరాలకి ఆహారంలో తప్పనిసరిగా కావాల్సిన పదార్థం, అది అందకపోతే జబ్బు. ఆ పదార్థం ఒక్క తవుడులోనే లేదనీ, పెసల్లో కూడా ఉందనీ చూపించాడు. జావాలో పెసల్ని కాచాంగ్ హిజావు అంటారు, బెల్లమూ కొబ్బరిపాలూ పోసి జావలా కాచుకుంటారు. మన పెసరపప్పు పాయసం గుర్తొస్తే తప్పు లేదు.

మరుసటి ఏడాది, 1902లో, దీన్ని మనుషుల మీద చూసినవాడు హల్స్‌హాఫ్ పోల్ అనే డాక్టర్. చోటు బ్యూటెన్‌జోర్గ్, ఇప్పటి బోగోర్. అక్కడి మానసిక రోగుల ఆసుపత్రిలో బెరిబెరి విడవకుండా ఉండేది. ఆయన 12 వార్డుల్ని మూడేసి చొప్పున నాలుగు భాగాలు చేశాడు. ఒక భాగానికి రోజూ పెసలు. ఇంకోదానికి ఆకుకూరలు. మూడోదానికి గదుల్లో క్రిమిసంహారకం, అంటే పాత నిపుణులు చెప్పిన వైద్యం. నాలుగోదానికి ఏమీ మార్చలేదు. పెసలు తిన్న వార్డుల్లో ఎవరికీ బెరిబెరి రాలేదు. మిగతా మూడింట్లోనూ వచ్చింది.

పరిశోధన పద్ధతిగా చూస్తే ఇది ముచ్చటైన పని. మనుషులుగా చూస్తే ముచ్చట పడలేం. ఆ రోగుల్ని ఎవరూ అనుమతి అడగలేదు. బెరిబెరి వస్తే రానీ, చూద్దాం అన్నట్టు కొన్ని వార్డుల్ని వదిలేశారు. జైళ్ళ సర్వే అయినా అంతే, చెయ్యగలిగింది వాళ్ళు బందీలు కాబట్టే. డచ్చివాళ్ళ రాజ్యంలో సైనికుడు, ఖైదీ, పిచ్చాసుపత్రి రోగి, ఈ ముగ్గురి కంచంలో ఏం పడాలో సర్కారే నిర్ణయించేది. రోగం ఎక్కువగా కనిపించిందీ ఈ ముగ్గురిలోనే, మందు తేలిందీ వీళ్ళ మీదే.

మరి తెల్ల బియ్యమే ఎందుకు కొన్నట్టు? తవుడు ఉన్న బియ్యం నిలవుండదు. తవుడులో నూనె ఉంటుంది, కొన్నాళ్ళకి ముక్క వాసన వస్తుంది, పురుగు పడుతుంది. ఓడల్లో పంపి, గోదాముల్లో నెలల తరబడి ఉంచాలంటే తెల్లవే నయం. పైగా మర వచ్చాక దంపే బాధ తప్పింది. జావాలో అయినా మన దగ్గర అయినా రోకలి పోటు ఆడవాళ్ళదే. "దంపుడు బియ్యం తినండి" అని సలహా ఇచ్చే మగవాళ్ళకి ఆ నొప్పి తెలియదు.

[తెర: 1926 నాటి ల్యాబ్. గాజు పాత్ర అడుగున కొద్దిగా స్ఫటికాలు.]

తర్వాతి సంగతులు త్వరగా. 1926లో అదే బటావియా ల్యాబ్‌లో యాన్సెన్, డోనాత్ అనే ఇద్దరు తవుడు నుంచి ఆ పదార్థాన్ని స్ఫటికాలుగా విడదీశారు. అదే విటమిన్ బి1, ఇంకో పేరు థయామిన్. 1929లో నోబెల్ ఐక్‌మన్‌కి వచ్చింది, ఇంగ్లండ్ శాస్త్రవేత్త హాప్‌కిన్స్‌తో కలిపి. కారణం సరిగ్గా చెప్పిన గ్రైన్స్‌కి రాలేదు. వోర్డర్‌మన్ 1902లోనే పోయాడు. థయామిన్ నిర్మాణం తేల్చి 1936లో ల్యాబ్‌లో తయారు చేసినవాడు రాబర్ట్ విలియమ్స్ అనే అమెరికన్. ఆయన పుట్టింది మన నెల్లూరులో, మిషనరీల ఇంట్లో.

మనకి సంబంధం నెల్లూరుతో అయిపోలేదు. ఒకప్పటి మద్రాసు రాష్ట్రంలో బెరిబెరి పాతుకుపోయిన చోటు ఉత్తర సర్కార్లు, అంటే మన కోస్తా జిల్లాలు. తమిళ జిల్లాల్లోనూ మరపట్టిన బియ్యమే తినేవాళ్ళు, వాళ్ళకి ఈ బాధ లేదు. తేడా ఉప్పుడు బియ్యం. వడ్లని నానబెట్టి ఉడికిస్తే పొరలోని బి1 గింజ లోపలికి దిగుతుంది, తర్వాత పాలిష్ పట్టినా చాలావరకు మిగులుతుంది. మనవాళ్ళు పచ్చి బియ్యం మరపట్టించి, మూడు నాలుగు సార్లు కడిగి, ఉడికాక గంజి వార్చేవాళ్ళు. మిగిలిన కాస్త బి1 కూడా ఆ కడుగులోనూ గంజిలోనూ పోయేది. ఈ రోగం మీద పరిశోధనకి రాబర్ట్ మెకారిసన్ 1918లో కూనూరులో ఒక్క గదిలో మొదలుపెట్టిన బెరిబెరి విచారణ కేంద్రమే పెరిగి, 1958లో హైదరాబాదుకి వచ్చింది. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ, మనం ఎన్ఐఎన్ అంటామే, అదే.

[తెర: ఇవాళ్టి ఆసుపత్రి క్యాజువాలిటీ. సెలైన్ స్టాండ్.]

ఇప్పుడు బెరిబెరి అలా ఊళ్ళకి ఊళ్ళనే పట్టుకోవడం లేదు. పప్పు, కూర, గుడ్డు, గోధుమ, ఏదో ఒకటి కంచంలోకి వస్తోంది. అయినా బి1 లోపం పోలేదు. ఏళ్ళ తరబడి తాగి తిండి మానేసినవాళ్ళలో, విపరీతంగా వాంతులయ్యే గర్భిణుల్లో డాక్టర్లు దీన్ని చూస్తూనే ఉంటారు. అలాంటి మనిషి నీరసంతో వస్తే వట్టి గ్లూకోజ్ ఎక్కించెయ్యరు. ముందో, దానితో పాటో థయామిన్ ఇస్తారు. ఎందుకంటే ఒళ్ళు గ్లూకోజ్‌ని ఖర్చు పెట్టాలంటే బి1 కావాలి. ఉన్న కాస్తా అందులో అయిపోతే మెదడు దెబ్బతింటుంది. అంటే పిండిపదార్థం ఎక్కువయ్యేకొద్దీ ఈ లోపం ముదురుతుంది. ఐక్‌మన్ చెప్పిన విషం అందులో లేదు. కానీ కోళ్ళకి వట్టి పిండి పెట్టి చూసి ఆయన దాన్ని అనుమానించడం మాత్రం ఉత్తపుణ్యానికి కాదు.