అంకెతో మొదలుపెడదాం: డ్రాయింగ్ షీటు మీద చేతిరాత

మిత్రులారా, నమస్కారం.

ఇంజినీరింగ్ డ్రాయింగ్‌లో గీత ఆకారాన్ని చూపిస్తుంది. ఆ ఆకారం పొడవెంత, రంధ్రం వ్యాసమెంత, ఏ లోహంతో చెయ్యాలి, స్కేలు ఎంత అన్నవి మాత్రం రాస్తేనే తెలుస్తాయి. వర్క్‌షాపులో ఆ షీటు అందుకున్న మనిషి మిమ్మల్ని ఎప్పుడూ చూసి ఉండకపోవచ్చు. ఇది మూడా, ఎనిమిదా అని అడుగుదామంటే మీరు పక్కన ఉండరు. మీరు 38 అని రాసింది 33 లాగా కనిపిస్తే అతను 33కే కోస్తాడు. అందులో అతని తప్పేమీ లేదు.

అందుకే నేను లెటరింగ్ (డ్రాయింగు మీద అక్షరాలు, అంకెలు రాసే పద్ధతి) పాఠాన్ని ఏ, బీ, సీలతో మొదలుపెట్టను, అంకెలతో మొదలుపెడతాను. మాటలో ఒక అక్షరం చెదిరినా చుట్టూ ఉన్న అక్షరాలను బట్టి పోల్చుకోవచ్చు. కొలతలో ఒక అంకె చెదిరితే పోల్చుకోవడానికి ఆధారమే ఉండదు. 3 చివరలు లోపలికి వంగిపోతే 8 అవుతుంది. 6కి పైతోక, 9కి కిందితోక విచ్చుకుని ఉండాలి. అవి ముడుచుకుని పొట్టకు తగిలితే ఆ రెండూ 8 వైపు జారతాయి. 5 పైన అడ్డగీత తిన్నగా, స్పష్టంగా లేకపోతే అది ఇంగ్లిషు ఎస్ అక్షరంలా కనిపిస్తుంది. సున్నాకీ ఓ అక్షరానికీ, ఒకటికీ ఐ అక్షరానికీ ఉన్న పోలిక మీకు తెలిసిందే. షీటు అంచుల్లో గడులకు అక్షరాలు ఇచ్చేటప్పుడు అంతర్జాతీయ ప్రమాణం ఐ, ఓ అక్షరాలను అసలు వాడనివ్వదు.

ఇక అక్షరం తీరు. ఒకప్పుడు డ్రాయింగుల మీద సన్నం, లావు మారుతూ సొగసుగా దిద్దిన అక్షరాలు ఉండేవి. వాటికి చాలా సమయం పట్టేది. 1890ల్లో అమెరికాలో చార్లెస్ రైన్‌హార్ట్ అనే డ్రాఫ్ట్స్‌మన్ ఒకే మందం గీతలతో, త్వరగా రాయగల సాదా అక్షరాలను ఒక పద్ధతిలో పెట్టారు. దాన్నే సింగిల్ స్ట్రోక్ లెటరింగ్ అంటున్నాం. ఈ పేరు విని చాలామంది పెన్సిల్ ఎత్తకుండా అక్షరం పూర్తిచేయాలనుకుంటారు. అలా కాదు. గీత మందం ఒక్కసారి గీస్తేనే రావాలి, మళ్లీ దిద్ది లావు చేయకూడదు, అంతే. ఇంగ్లిషు ఈ అక్షరానికి నాలుగు గీతలు కావాలి: నిలువు గీత పైనుంచి కిందికి, అడ్డగీతలు ఎడమనుంచి కుడికి. ఓ లాంటి గుండ్రని అక్షరాన్ని రెండు వంపులుగా గీయండి, రెండూ పైనుంచే మొదలవ్వాలి.

ఎత్తుల గురించి కాస్త ఎక్కువసేపు చెబుతాను, ఎందుకంటే ఇందులో అందమైన లెక్క ఉంది. డ్రాయింగు అక్షరాలకున్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 3098లో అక్షరాల ఎత్తులు 1.8, 2.5, 3.5, 5, 7, 10, 14, 20 మిల్లీమీటర్లు. చూడగానే ఏదో ఇష్టం వచ్చినట్టు ఎంచినట్టుంది. నిజానికి ప్రతి ఎత్తూ దాని ముందుదానికి సుమారు 1.4 రెట్లు, అంటే రెండు వర్గమూలమన్నమాట. ఏ4, ఏ3, ఏ2 కాగితాల పొడవు వెడల్పులు పెరిగేదీ అదే నిష్పత్తిలో. దాంతో ఏ3 షీటును ఏ4కి కుదించినప్పుడు 3.5 మి.మీ. అక్షరం 2.5 అవుతుంది, 5 మి.మీ. అక్షరం 3.5 అవుతుంది. కుదించాక కూడా అక్షరం ప్రామాణిక ఎత్తులోనే ఉంటుంది! చిన్నబడి అక్షరాల ఎత్తూ ఇందులోనే ఇమిడిపోతుంది: పెద్దక్షరం 5 అయితే చిన్నది 3.5.

గీత మందాన్ని బట్టి A (ఏ), B (బీ) అని రెండు రకాలున్నాయి. A రకంలో మందం అక్షరం ఎత్తులో 14వ వంతు, బీ రకంలో 10వ వంతు. మనం చేత్తో రాసేటప్పుడు బీ రకమే హాయిగా ఉంటుంది: 5 మి.మీ. అక్షరానికి అర మిల్లీమీటరు గీత. హెచ్‌బీ గానీ హెచ్ గానీ పెన్సిల్ తీసుకుని మొన శంకువులా చెక్కండి. గీతగీతకీ పెన్సిల్‌ను వేళ్ల మధ్య కొంచెం తిప్పుతుంటే మొన ఒకవైపే అరగదు, మందం మారదు. అక్షరాలు నిలువుగానైనా ఉండొచ్చు, 75 డిగ్రీల వాలులోనైనా ఉండొచ్చు. ఒకే షీటులో రెండూ కలపకండి.

అసలు కష్టం ఎడంలో ఉంది. బీ రకంలో అక్షరానికీ అక్షరానికీ మధ్య ఎత్తులో 10లో 2 వంతులు, మాటకీ మాటకీ మధ్య కనీసం 10లో 6 వంతులు ఉండాలని ప్రమాణం చెబుతుంది. 5 మి.మీ. ఎత్తుకి అవి 1, 3 మిల్లీమీటర్లు. స్కేలు పెట్టి సరిగ్గా అలాగే రాసినా కొన్నిచోట్ల మాట విరిగినట్టు కనిపిస్తుంది. ఎల్ పక్కన ఏ, టీ పక్కన వీ వస్తే వాటి ఆకారాల్లోనే ఖాళీ ఉంది కదా, దానికి ఈ ఎడం తోడై పెద్ద కంత పడుతుంది. అలాంటి జంటల మధ్య ఎడాన్ని సగానికి తగ్గించుకోవచ్చని ఆ ప్రమాణమే అనుమతిస్తుంది. హెచ్ పక్కన ఐ లాంటి రెండు నిలువు గీతలు మాత్రం ఇరుగ్గా కనిపిస్తాయి, వాటిని దగ్గరకు లాగకూడదు. చూడాల్సింది అక్షరాల మధ్య దూరాన్ని కాదు, వాటి మధ్య మిగిలిన తెల్లని జాగాను. నీళ్లు పోస్తే ప్రతి సందులోనూ ఇంచుమించు ఒకే పరిమాణం పట్టాలి. ఇక్కడ కొలబద్ద కంటే మీ కంటినే నమ్మండి.

కన్ను చేసే ఇంకో పని ఉంది. అచ్చులో ఉన్న 8ని గానీ ఎస్‌ను గానీ తలకిందులు చేసి చూడండి. పైభాగం బరువెక్కి, పడిపోయేలా ఉంటుంది. మామూలుగా చూసినప్పుడు సమానంగా కనిపించే రెండు సగాల్లో పైది కొంచెం చిన్నదని అప్పుడు తెలుస్తుంది. మీరూ 3, 8, బీ, ఎస్‌లలో పైభాగాన్ని ఆ మేరకు తగ్గించండి. ఇంగ్లిషు E అక్షరంలో నడిమి అడ్డగీతను మధ్యకు కాస్త పైన పెట్టండి.

ఇప్పుడు షీటు బోర్డుకి బిగించండి. 5 మి.మీ. ఎత్తుకి గైడ్ లైన్లు (అక్షరం పైకొసకీ కిందికొసకీ హద్దు చూపే అడ్డగీతలు) గీయండి, కనీకనిపించనంత లేతగా. ఒక్క అంకె రాయాల్సి వచ్చినా గైడ్ లైన్లు మానకండి. వరుసకి 3, 8 ఒకదాని తర్వాత ఒకటి, కింద 5, 6, ఆ కింద 1, 7. ఆ మూడు వరుసలూ అయ్యాక పక్కవారితో షీట్లు మార్చుకుని చేతి దూరంలో పట్టుకుని పైకి చదవండి. చదివేవారు ఏ అంకె దగ్గర ఆగారో అక్కడ చిన్న గుర్తు పెట్టి, ఆ అంకెనే మళ్లీ ఒక వరుస రాయండి. తర్వాత ఐ, ఎల్, టీ, ఈ, ఎఫ్, హెచ్‌లలోకి వెళ్దాం, వంపుల అక్షరాలు వాటి తర్వాత.