దేనికి ఫిట్?

అందరికీ నమస్కారం.

ఈ హాల్లో హెచ్చార్ వాళ్లు, మేనేజర్లు ఎక్కువమంది ఉన్నారని నిర్వాహకులు చెప్పారు. అందుకే మీ చేతుల మీదుగా మాకొచ్చే ఒక కాగితంతో మొదలుపెడతాను. డిప్రెషన్ వల్లో, యాంగ్జయిటీ వల్లో సెలవు పెట్టిన ఉద్యోగి మళ్లీ చేరతానన్నప్పుడు 'పరీక్షించి చెప్పండి' అంటూ మీరు సైకాలజిస్టుకు ఒక ఉత్తరం రాస్తారు కదా, అది. కొన్నేళ్ల కిందట నాకు అందిన అలాంటి ఉత్తరంలో ఉన్నది ఒక్కటే వాక్యం: 'సదరు ఉద్యోగి ప్రస్తుతం నార్మల్‌గా ఉన్నదీ లేనిదీ తెలియజేయగలరు.'

దాన్ని పట్టుకొచ్చిన ఆవిడ అకౌంట్స్‌లో పనిచేసేవారు. పది వారాలు సెలవులో ఉన్నారు. ఒళ్లో ప్లాస్టిక్ ఫోల్డరు, అందులో మందుల చీటీలు, డాక్టరు కాగితాలు, ఒక్కో దానికి పసుపు స్టిక్కరు, స్టిక్కరు మీద తేదీ. నేను నోరు తెరవకముందే ఫోల్డరు నా వైపు తిప్పి, "అన్నీ వరసలోనే ఉన్నాయి మేడమ్, చూసుకోండి" అన్నారు. కాసేపాగి, గొంతు తగ్గించి, "మీరు నార్మల్ అని రాయకపోతే ఉద్యోగం తీసేస్తారా?" అని అడిగారు.

నార్మలా కాదా అన్నదానికి నా దగ్గర జవాబు లేదు. ఆవిడ గురించే కాదు, ఉత్తరం రాసిన ఆఫీసరు గురించి అడిగినా ఉండదు. 'ఫలానా పని, రోజుకు ఇన్ని గంటలు, ఇలాంటి పరిస్థితుల్లో ఈ మనిషి చేయగలరా? చేయాలంటే ఏం మార్చాలి?' అని అడిగితే మాత్రం, రెండు మూడు గంటలు కూర్చుని, డాక్టరు కాగితాలు చదివి, పని ఎలా సాగుతుందో కనుక్కుని, కొంత నమ్మకంగా చెప్పగలను. ఇవాళ నేను చెప్పదలచుకున్నదంతా ఇదే. మీరు ఏమడుగుతారో దాన్ని బట్టే రిపోర్టు ఉంటుంది.

టెస్టుల సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే అందరి కళ్లూ వాటి మీదే. పీహెచ్‌క్యూ-9 అని ఒక ఫారం ఉంది. గత రెండు వారాల్లో నిద్ర, ఆకలి, ఆసక్తి, ఏకాగ్రత ఎలా ఉన్నాయో అడిగే 9 ప్రశ్నలు. ఒక్కోదానికి 0 నుంచి 3 వరకు, మొత్తం 27. ఎంత ఎక్కువ వస్తే డిప్రెషన్ అంత ఎక్కువని. డిప్రెషన్ ఎంత ఉందో అంచనా వేయడానికి మంచి సాధనమే. కానీ ఉద్యోగం చేయగలరా లేదా అన్నది అది కొలవదు. 12 వచ్చినా రోజూ పనిచేసుకుపోయేవాళ్లు ఉంటారు. 4 వచ్చి, ఆఫీసు గేటు చూడగానే చెమటలు పట్టేవాళ్లూ ఉంటారు. ఇంకో చిక్కుంది. ఉద్యోగం నిలుస్తుందా లేదా అన్న టెన్షన్‌లో ఉన్న మనిషి అన్నిటికీ సున్నా పెడతాడు. అలాంటి ఫారం చూస్తే నాకు సంతోషం వేయదు, దిగులేస్తుంది. నిజం చెబితే నష్టపోతానని అతనికి ఎవరో ఒకరు అప్పటికే అర్థమయ్యేలా చేశారన్నమాట.

మనిషి మనస్తత్వాన్ని, మానసిక ఇబ్బందుల్ని అంచనా వేసే ఎంఎంపీఐ-2 లాంటి పెద్ద టెస్టులో 567 వాక్యాలుంటాయి, అవునో కాదో గుర్తు పెట్టాలి. బాధల్ని దాచేవాళ్లను పట్టే స్కేళ్లు కూడా అందులో ఉన్నాయి. సరే, అకౌంట్స్ డెస్క్‌కు తిరిగొచ్చే మనిషి చేత అవన్నీ ఎందుకు నింపించాలి? నన్నడిగితే చాలా సందర్భాల్లో అవసరం లేదు. అమెరికాలో వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం, పనిలో ఉన్న ఉద్యోగికి వైద్య పరీక్ష పెట్టాలంటే అది ఆ ఉద్యోగానికి సంబంధించినదై ఉండాలి, సంస్థ పనికి నిజంగా అవసరమై ఉండాలి. అలా వచ్చిన వైద్య సమాచారాన్ని మామూలు సర్వీసు ఫైల్లో కలపకుండా విడిగా, రహస్యంగా ఉంచాలి. ఆ చట్టం మీకు వర్తించినా వర్తించకపోయినా ఈ పద్ధతి పాటించవచ్చు.

విమానాలు నడిపేవాళ్ల మాటేమిటని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, కాబట్టి నేనే చెప్పేస్తాను. 2015 మార్చి 24న జర్మన్‌వింగ్స్ విమానాన్ని కో-పైలట్ కావాలని ఆల్ప్స్ పర్వతాల్లో కూల్చేశాడు. 150 మంది పోయారు. పనికి పనికిరాడని డాక్టర్లు రాసిచ్చిన కాగితాలు అతని దగ్గరే ఉన్నాయి, సంస్థకు చూపించలేదు. ఇలాంటి పనుల్లో పరీక్ష గట్టిగానే ఉండాలి, నాకు రెండో మాట లేదు. అయితే గట్టిగా ఉంటే సరిపోదు. చెప్పుకుంటే లైసెన్సు పోతుందన్న భయమే ఉంటే మనిషి చెప్పుకోడు, వైద్యానికి కూడా వెళ్లడు. అమెరికాలో విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఏఏ ఈ సంగతి గ్రహించే 2010లో నాలుగు రకాల డిప్రెషన్ మందులు వాడే పైలట్లకు, నిలకడగా ఉన్నారని తేలితే, నడపడానికి అనుమతివ్వడం మొదలుపెట్టింది. అంతకుముందు ఆ మందులు వాడేవాళ్లకు అనుమతి దొరికేది కాదు. దాచుకుని మింగేవాడికన్నా చెప్పి మింగేవాడితో ప్రయాణం నయం.

పరీక్ష చేసేదెవరు అన్నది కూడా ముఖ్యమే. నెలల తరబడి వైద్యం చేస్తున్న డాక్టరుకు మనిషి తెలుసు, కానీ ఆ కుర్చీలో కూర్చుని చేసే పని తెలియదు. పైగా ఆయన తన పేషెంటు పక్షాన ఉంటారు, ఉండాలి కూడా. మీరు పంపగా వచ్చినవాళ్లను చూసే నాలాంటివాళ్లకు పని గురించి కొంత తెలుస్తుంది, మనిషి మాత్రం ఒక్క పూటే కనిపిస్తాడు. అందుకే ఇద్దరూ ఉద్యోగి ఒప్పుకోలుతో మాట్లాడుకోవడం మంచిది. నేను మొదటి ఐదు నిమిషాల్లో ఒక మాట కచ్చితంగా చెప్తాను: "ఇక్కడ మీరు చెప్పేదాంట్లో కొంత మీ ఆఫీసుకు వెళ్తుంది. ఏది వెళ్తుందో, ఏది వెళ్లదో ముందే చెప్తాను." ఇది చెప్పకుండా, డాక్టరు దగ్గరికి వచ్చానన్న భ్రమలో మనిషి చేత మాట్లాడించడం మోసం.

మీకొచ్చే రిపోర్టులో జబ్బు పేరు ఉండనక్కర్లేదు. చిన్నప్పటి సంగతులు, కాపురం గొడవలు అసలే వద్దు. ఎన్ని గంటలతో మొదలుపెట్టాలి, నైట్ షిఫ్టు వేయొచ్చా, డాక్టరు అపాయింట్‌మెంటుకు ఏ రోజు వదలాలి, మళ్లీ ఎప్పుడు చూడాలి, ఇవుంటే చాలు. బ్రిటన్‌లో 2010 నుంచి డాక్టర్లిచ్చే కాగితాన్నే 'ఫిట్ నోట్' అంటున్నారు. పనికి తగరు అన్నదానితో పాటు, మార్పులు చేస్తే తగవచ్చు అని రాసే వీలుంది. మెల్లగా గంటలు పెంచడం, పనిలో మార్పు, వేళల్లో మార్పు, పనిచేసే చోట సర్దుబాటు అని నాలుగు గడులుంటాయి. జర్మనీలో హాంబర్గ్ మోడల్ అనే పద్ధతి ఉంది. కాగితాల మీద ఇంకా సెలవులోనే ఉంటూ రోజుకు కొన్ని గంటలతో పనిలో అడుగుపెట్టి, వారాలు గడిచేకొద్దీ పెంచుకుంటూ పోతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఇలా తిరిగొచ్చేవారికి చికిత్సతో పాటు పని వైపు నుంచి కూడా సాయం ఉండాలనే చెప్పాయి.

మళ్లీ మన అకౌంట్స్ ఆవిడ దగ్గరికి వస్తాను. ఆవిడ పని ఏమిటో రాసి పంపమని ఆఫీసుకు ఫోన్ చేశాను. పంపారు. నాలుగేళ్ల కిందటి కాగితం. దాన్ని ఆవిడ ముందు పెడితే చదివి నవ్వారు. ఆ రోజు నవ్వడం అదే మొదటిసారి. పక్క సీటాయన మానేసి ఏడాదిన్నర అయిందట, ఆయన పనీ ఈవిడే చేస్తున్నారట. నెలాఖరులో రాత్రి పది దాటేదట. ఇదంతా ఆ కాగితంలో లేదు, నాకొచ్చిన ఉత్తరంలోనూ లేదు. మనిషిని పరీక్షించమని పంపారు, పనిని ఎవరూ పరీక్షించలేదు.

'ఒకరి పనికి ఫిట్, ఇద్దరి పనికి కాదు' అన్నంత సూటిగా రాయలేదు కానీ, రాసిన దాని సారాంశం అంతే. మొదటి రెండు వారాలు నాలుగేసి గంటలు, తర్వాత ఆరు, పక్క సీటు పని వేరేవాళ్లకు, ఆరో వారంలో మళ్లీ చూడాలి. ఆఫీసువాళ్లు కొంత బేరమాడి, చివరికి ఒప్పుకున్నారు.

ఆరో వారంలో వచ్చినప్పుడు మొదటి రోజు ఎలా గడిచిందని అడిగాను. గేటు దగ్గర కార్డు పనిచేయలేదట. పది వారాలు వాడలేదు కదా, సిస్టమ్‌లో బ్లాక్ అయింది. లాగిన్ కూడా అంతే. ఐటీ వాళ్లు వచ్చేదాకా మూడు గంటలు రిసెప్షన్ సోఫాలో కూర్చున్నారు. వచ్చేపోయే వాళ్లందరూ చూస్తూ వెళ్లారు. "పనిలో చేరిన నాలుగు గంటల్లో మూడు అక్కడే అయిపోయాయి మేడమ్" అన్నారు. కార్డు పనిచేస్తుందో లేదో చూసుకోండని నా రిపోర్టులో రాయాలని నాకూ తోచలేదు. ఇప్పుడు రాస్తున్నాను, మొదటి పేజీలోనే.

టైమ్ అయిందని చీటీ పంపారు. ప్రశ్నలుంటే అడగండి.