గోలీ సోడాలో స్పెయిన్ రాజు

(చేతిలో గోలీ సోడా సీసా. ఇంకా కొట్టలేదు.)

నమస్తే. ఈ సీసా సంగతి తర్వాత. ముందు నా చిరాకు వినండి.

నెపోలియన్ మీద వీడియో చేసినప్పటి నుంచి స్పెయిన్ ప్రస్తావన వస్తే చాలు, అందరిదీ ఒకటే మాట. "నెపోలియన్ పోయాక రాజు తిరిగొచ్చాడు, జనం రాజ్యాంగం అడిగారు, రాజు తొక్కేశాడు, అంతేగా?" అంతే కాదండీ! అందులో 'జనం' అనే మాట ఉంది చూశారా, అక్కడే నాకు ఒళ్లు మండేది. 1814లో ఏడో ఫెర్డినాండ్ ఫ్రాన్సు నుంచి తిరిగొస్తుంటే ఇదే జనం ఆయన బండికి కట్టిన గుర్రాల్ని విప్పేసి, వాటి బదులు తామే బండి లాగారు. ఆయనకి అప్పటికే "ఎల్ దెసెయాదో" అని పేరు, అంటే అందరూ ఎదురుచూసినవాడు. కష్టాల్లో ఉన్నప్పుడు ఎదురుగా లేనివాడే గొప్పోడు కదా మరి. ఆయనేమో ఆ ఆరేళ్లూ ఫ్రాన్సులో వాలెన్సే అనే కోటలో కూర్చుని, తన దేశాన్ని ఆక్రమించిన నెపోలియన్‌కే గెలిచినప్పుడల్లా అభినందనల ఉత్తరాలు రాశాడు. జనానికి ఆయన్ని చూపించింది మాత్రం చెరలో ఉన్న పాపం పసివాడిలాగా.

నెపోలియన్ అన్న జోసెఫ్ బోనపార్ట్ స్పెయిన్ గద్దెక్కడం, 1808 మే 2న మాడ్రిడ్ తిరగబడటం మీకు తెలిసినవే, దాటేస్తున్నా. మనకి కావాల్సిన ఊరు కాడిజ్. మూడు వైపులా సముద్రం, నాలుగో వైపు ఫ్రెంచి ఫిరంగులు. ఆ ఇరుకులో కూర్చుని పార్లమెంటు ప్రతినిధులు 384 అధికరణాల రాజ్యాంగం రాశారు. 1812 మార్చి 19న ప్రకటించారు. ఆ రోజు సెయింట్ జోసెఫ్ పండగ. జోసెఫ్‌ని అక్కడ ముద్దుగా పెపే అంటారు కాబట్టి రాజ్యాంగానికి "లా పెపా" అని ముద్దుపేరు పడింది. సార్వభౌమాధికారం రాజుది కాదు, జాతిదని మూడో అధికరణం. బాగుంది. కానీ కేథలిక్ మతం తప్ప ఇంకే మతమూ కుదరదని పన్నెండో అధికరణం! ఇవాళ్టి లెక్కలో వాళ్లని కొలిస్తే మీకు తలనొప్పే.

అన్నట్టు, ఇప్పుడు టీవీ డిబేట్లలో తిట్టులా వాడే 'లిబరల్' అనే మాట ఒక రాజకీయ పక్షానికి పేరుగా మొదట అతుక్కుంది ఈ కాడిజ్‌లోనే. అవతలి వాళ్లకి, అంటే సర్వాధికారం రాజుదే అనేవాళ్లకి, వీళ్లు పెట్టిన పేరు "సెర్విల్", అంటే ఊడిగం చేసేవాడు. దాన్ని రెండు ముక్కలు చేసి "సెర్ విల్" అని కూడా రాసేవాళ్లు. అప్పుడు 'నీచంగా బతకడం' అని అర్థం వస్తుంది. వెటకారంలో మనకేం తీసిపోరు.

(సీసా పైకెత్తి చూపిస్తూ)

ఇప్పుడు సోడా. "స్పెయిన్ ఒక బీరు సీసా, నేను దాని బిరడాని" అని ఫెర్డినాండ్ అన్నాడని చెప్పుకుంటారు. బిరడా తీస్తే అంతా పొంగిపోతుందని ఆయన భావం. నాకు ఆ పోలిక నచ్చలేదు. బిరడాని పైనుంచి ఎవరో బిగించాలి. ఫెర్డినాండ్ బిరడా కాదు, గోలీ. ఈ గోలీని చూడండి, పైనుంచి ఎవరూ పట్టుకోలేదు. లోపలి గ్యాసే దీన్ని మూతికున్న వాషరుకేసి అదిమిపెట్టింది. గ్యాసుని గోలీ ఆపుతోందా, గోలీని గ్యాసు నిలబెడుతోందా? రెండూ నిజమే. 1814 అంటే ఇదే.

అసలు పల్లెల్లో రైతుకి ఈ రాజ్యాంగం అంటే ఎందుకు పడలేదు? లిబరళ్లు 1811లో జమీందార్ల న్యాయాధికారాలు రద్దు చేశారు. భేష్. కానీ భూమి? అది సొంత ఆస్తి పేరుతో ప్రభువుల దగ్గరే ఉండిపోయింది, కౌలు కడుతూనే ఉండాలి. పైగా ఊరుమ్మడి భూముల్ని అమ్మేయమని 1813లో చట్టం. పశువులు మేసే బీడు పోతే పేదవాడికి 'జాతి సార్వభౌమాధికారం' ఏం పెడుతుంది? ఈ కాగితాలన్నీ దేవుడికి వ్యతిరేకం అని ఊళ్లో పాస్టర్... సారీ, కేథలిక్కులు కదా, ఫాదర్ చెబుతున్నాడు. మీరైతే ఎవరి మాట వింటారు?

కాబట్టి రాజు తిన్నగా మాడ్రిడ్ వెళ్లకుండా జరగోసా మీదుగా వాలెన్సియా చేరి, గాలి ఎటు వీస్తోందో చూశాడు. అక్కడ సైన్యం ఆయన పక్షాన నిలబడింది. 69 మంది ప్రతినిధులు సంతకాలు పెట్టిన ఒక విన్నపం కూడా చేతికొచ్చింది. ప్రాచీన పారశీకుల్లో రాజు చనిపోతే ఐదు రోజులు అరాచకాన్ని వదిలేసేవారట, రాజు విలువ తెలిసిరావాలని. ఆ కథతో మొదలవుతుంది కాబట్టి దానికి 'పారశీకుల మేనిఫెస్టో' అని పేరు. నిన్నటిదాకా పార్లమెంటులో కూర్చున్నవాళ్లే ఆ పార్లమెంటు అరాచకం అని రాసిచ్చారు!

మే 4న రాజు డిక్రీ. రాజ్యాంగం, దాని చట్టాలు అన్నీ చెల్లవు, అవి ఎన్నడూ జరగనట్టే, కాలం మధ్యలోంచి తీసేసినట్టే అని రాశాడు. రద్దు కాదండీ, అసలు జరగనే లేదట! మే 10 రాత్రి మాడ్రిడ్‌లో ఇళ్ల మీద పడి లిబరల్ నాయకుల్ని పట్టుకుపోయారు. ఊళ్లలో రాజ్యాంగం పేరున్న ఫలకాలు పగలగొట్టారు. అమెరికాలో ఫ్లోరిడాలోని సెయింట్ అగస్టీన్ అప్పుడు స్పెయిన్‌దే. అక్కడ ఈ రాజ్యాంగం పేరిట నిలిపిన స్తంభం మాత్రం మిగిలిపోయింది, ఇప్పటికీ ఉంది.

(బొటనవేలు గోలీ మీద పెట్టి నొక్కుతూ. శబ్దం.)

1820 జనవరి 1. ఇదిగో ఈ బొటనవేలు పేరు రఫాయెల్ దెల్ రియెగో, సైనికాధికారి. అమెరికా ఖండాల్లోని స్పెయిన్ కాలనీల తిరుగుబాటుని అణచడానికి పోవాల్సిన సైన్యం కాడిజ్ చుట్టుపక్కల పడి ఉంది. రష్యా నుంచి కొన్న ఓడలు చాలావరకు పుచ్చిపోయినవి. సైనికులకి రాజ్యాంగం మీద మోజు ఎంతో నాకు తెలీదు గానీ, ఆ ఓడ ఎక్కకుండా ఉంటే చాలన్నది మాత్రం గట్టిగా ఉండేది. రియెగో లాస్ కబెసాస్ దె సాన్ హువాన్ అనే ఊళ్లో 1812 రాజ్యాంగాన్ని ప్రకటించి అండలూసియా అంతా తిరిగాడు. ఎవరూ పెద్దగా కదల్లేదు. వెంట ఉన్నవాళ్లు ఒక్కొక్కరే జారుకుని చివరికి కొన్ని పదుల మంది మిగిలారు. ఇక అయిపోయింది అనుకుంటుండగా ఉత్తరాన లా కొరున్యా లేచింది, వెనకే మిగతా నగరాలు. మార్చిలో రాజు ప్రమాణం చేశాడు. "రాజ్యాంగ మార్గంలో అందరం నడుద్దాం, ముందు నేను" అన్నాడు. ఆహా!

(సీసా ఊపుతూ)

గోలీ ఎక్కడుందో చూడండి. బయటికి పోలేదు, సీసా మెడలోనే ఉంది. తప్పుగా వంచితే దొర్లుకుంటూ వచ్చి మళ్లీ దారికి అడ్డం పడుతుంది. 1812 రాజ్యాంగంలో మంత్రుల్ని పెట్టేదీ తీసేదీ రాజే. చట్టాన్ని రెండుసార్లు తిప్పి పంపే హక్కూ ఉంది. 1821 మార్చి 1న పార్లమెంటు సమావేశాల ప్రారంభం. మంత్రులు రాసిచ్చిన ప్రసంగాన్ని రాజు బుద్ధిగా చదివాడు. అయిపోయింది అనుకున్నారు. రాజు ఆపలేదు. తన గౌరవాన్ని కాపాడటంలేదంటూ ఎదురుగా కూర్చున్న మంత్రుల మీదే ఫిర్యాదు మొదలుపెట్టాడు! దానికి స్పానిష్‌లో 'కోలెతియ్యా' అని పేరు, అంటే చిన్న తోక. ఆ వెంటనే మంత్రులందరికీ ఉద్వాసన. ఆ మంత్రుల మొహాలు ఆ రెండు నిమిషాలూ ఎలా ఉండుంటాయో తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది.

లిబరళ్లు మాత్రం ఒక్కటిగా ఉన్నారా? మోడరాదోలు, అంటే నిదానం మనుషులు. ఎగ్సాల్తాదోలు, అంటే ఉడుకు రక్తం. ఇద్దరూ కొట్టుకుచచ్చారు. ఎగ్సాల్తాదోలు రాజపక్షం వాళ్ల మొహమ్మీద పాడే పాటకి పల్లవే "మింగు". రాజ్యాంగాన్ని మింగమని. అలా మింగిస్తే ఎవరికి అరుగుతుంది? పల్లెల్లో ఇంకో తప్పు. చర్చికి ఇచ్చే దశమభాగాన్ని సగం చేశారు, మంచిదే, కానీ అది ధాన్యంగా ఇచ్చేది. కొత్త పన్ను రొక్కంలో కట్టాలి. ధరలు పడిపోయిన రోజుల్లో రైతు రొక్కం ఎక్కణ్నుంచి తెస్తాడు? కాటలోనియా, నవారాల్లో రాజపక్షం గెరిల్లాలు పుట్టుకొచ్చింది ఊరికే కాదు.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. 1822 జూలై 7న రాజు సొంత గార్డులే మాడ్రిడ్‌లో తిరగబడ్డారు, పౌర మిలీషియా ప్లాసా మాయోర్ దగ్గర వాళ్లని తరిమికొట్టింది. లోపలి గ్యాసు చాల్లేదన్నమాట. ఖాళీ సీసాలో గోలీ మళ్లీ మూతికి చేరాలంటే ఏం చేస్తారు? మెషిన్‌లో పెట్టి తలకిందులు చేసి గ్యాసు కొడతారు. ఆ మెషిన్ ఫ్రాన్సు నుంచి వచ్చింది. 1823 ఏప్రిల్‌లో 'సెయింట్ లూయీ లక్ష మంది పుత్రులు' అనే పేరున్న ఫ్రెంచి సైన్యం సరిహద్దు దాటింది. ఇదే జనం 1808లో ఫ్రెంచివాళ్లని కత్తులతో పొడిచారు, ఈసారి దారి ఇచ్చారు. లిబరళ్లు రాజుని సెవీల్‌కి, అక్కడి నుంచి కాడిజ్‌కి లాక్కెళ్లారు. సెవీల్లో ఆయన కదలనంటే తాత్కాలికంగా మతి చలించిందని తీర్మానం చేసి మరీ కదిలించారు! అక్టోబరు 1న విడుదలయ్యాడు. ముందు రోజు క్షమాభిక్ష మాటిచ్చాడు, బయటపడ్డ రోజే అన్నీ రద్దు. నవంబరు 7న మాడ్రిడ్‌లో రియెగోని ఉరితీశారు.

ఇంకొక్కటి, ఇది వినకుండా పోకండి. 1827లో కాటలోనియాలో ఈ రాజు మీదే తిరగబడింది ఎవరనుకున్నారు? రాజపక్షం వాళ్లే! రాజు మరీ మెత్తగా ఉన్నాడట. ఇంక్విజిషన్‌ని, అంటే మతం తప్పినవాళ్లని శిక్షించే చర్చి కోర్టుని, తిరిగి తేలేదట. ఆ నాయకుల్నీ ఆయన కాల్పించాడు. అందుకే రాజపక్షం అంటే రాజుగారి మనుషులు అని ఎవరైనా అంటే నాకు చిరాకు.

1833 సెప్టెంబరు 29న ఫెర్డినాండ్ పోయాడు. వారసురాలు మూడేళ్లు కూడా నిండని కూతురు ఇసబెల్. అవతల రాజు తమ్ముడు కార్లోస్, ఆడపిల్లకి గద్దె ఏంటని. కరడుగట్టిన రాజపక్షమంతా అటు పోయింది. పిల్లని నిలబెట్టాలంటే రాణి మారియా క్రిస్టినాకి మిగిలింది ఎవరు? తన భర్త ఉరితీయించగా మిగిలినవాళ్లు, దేశం వదిలి లండన్‌కి పారిపోయినవాళ్లు. రండి నాయనా అని లిబరళ్లనే పిలవాల్సొచ్చింది. కార్లిస్టు యుద్ధాలు ఇంకో వీడియోలో.

(సీసా వంచి ఒక గుక్క తాగి)

ఛ, గ్యాసంతా పోయింది.