రంగు సరే, స్క్రూల సంగతేంటి?

నమస్కారమండీ. పలాస దగ్గర ఒక తాగునీటి పంపుహౌస్ కడుతున్నారు. దాని బయటి రేకుల డ్రాయింగులు చూసిపెట్టమని మా తమ్ముడు పంపించాడు. నాలుగు పేజీల నిండా రంగులే. నీలం మీద తెల్ల పట్టీ, చూడ్డానికి బాగుంది. స్క్రూల గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. నాకు అక్కడే టెన్షన్ మొదలైంది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తీరం దాటింది పలాస దగ్గరే. ఉద్దానంలో కొబ్బరిచెట్లు వేళ్లతో సహా కూలిపోయాయి. కరెంటు లేక, మంచినీళ్లు లేక జనం ఎంత అల్లాడారో మనం చూశాం. అలాంటి చోట గోడ రేకులు ఎగిరిపోయి మోటార్ల ప్యానెళ్లు తడిస్తే, కరెంటు వచ్చినా నీళ్లు రావు.

లెక్క చూడండి. గాలి గంటకి 180 కిలోమీటర్లతో వీస్తే చదరపు మీటరుకి సుమారు 150 కిలోల ఒత్తిడి. తూర్పు తీరానికి 60 కిలోమీటర్ల లోపు పరిశ్రమ షెడ్లకి గాలి వేగాన్ని 1.15తో, తుపాను తర్వాత కూడా పనిచేసి తీరాల్సిన కట్టడాలకి 1.30తో హెచ్చించమంటుంది ఐఎస్ 875 మూడో భాగం, అంటే కట్టడాల మీద గాలి ఒత్తిడి లెక్కకి మన దేశ ప్రమాణం. పంపుహౌస్‌ని నేనైతే రెండో లెక్కలోనే వేస్తాను. వేగం 1.3 రెట్లయితే ఒత్తిడి దాదాపు 1.7 రెట్లవుతుంది.

పైగా గాలి నెట్టడమే కాదు, లాగుతుంది కూడా. గోడ మూల తిరిగే చోట ఆ లాగుడు మరీ ఎక్కువ. ఒకసారి ఊడిపడిన రేకు ఎత్తి చూశాను. గుండ్రంగా ఉండాల్సిన కన్నం చింతగింజంత సాగిపోయింది. స్క్రూ మాత్రం పర్లిన్‌కి (రేకులు బిగించే అడ్డ ఇనుప కడ్డీకి) చెక్కుచెదరకుండా ఉంది! అంటే స్క్రూ ఊడలేదు, దాని తల చుట్టూ రేకే చిరిగింది. అందుకే మూలల్లో స్క్రూలు దగ్గరదగ్గరగా పడాలి, కింద వాషరు వెడల్పుగా ఉండాలి. గోడ మధ్యలో వేసిన దూరమే మూలల్లోనూ వేస్తే ఒప్పుకోకండి.

ఇంకొకటి, ఉప్పుగాలి. రేకు ఎంత మంచిదైనా మామూలు స్క్రూ వేస్తే దాని కింద తుప్పు చార కారుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలువి అడగండి, ఖర్చు ఎక్కువైనా సరే. డ్రిల్లు చేసినప్పుడు రాలే ఇనుప రజను కూడా ఆ సాయంత్రమే బ్రష్‌తో ఊడ్చేయించాలి. మంచులో తడిస్తే అది రేకు మీదే తుప్పు మచ్చలు పెడుతుంది.

తమ్ముడికి డ్రాయింగులు తిరిగి పంపించేశాను. మూల పట్టీలు ఎర్రపెన్నుతో గీసి, స్క్రూల లెక్క వేరే షీటు మీద రాయమన్నాను.