డంపింగ్ యార్డు మూసేశారు, బోరు నీళ్ల సంగతేంటి?

యాంకర్: నమస్కారం. చెత్త వేయడం ఆగి ఏళ్లయింది. పైన మట్టి కప్పి మొక్కలు కూడా నాటారు. చుట్టుపక్కల బోర్లు మాత్రం పాడవుతూనే ఉన్నాయి. అక్కడ ఉండే మీరే ముందు చెప్పండమ్మా.

స్థానికురాలు: పట్టినప్పుడు నీళ్లు తేటగానే ఉంటాయండి. కాసేపటికి ఎర్రబడి, బిందె అడుగున తుప్పు పేరుకుంటుంది. మరిగించి తాగమన్నారు. అవే పిల్లలకు పట్టాలంటే టెన్షన్‌గా ఉంటోంది.

భూగర్భ జల శాస్త్రవేత్త: మరిగిస్తే క్రిములు చస్తాయమ్మా. లోహాలు, నైట్రేట్ పోవు. నీరు ఆవిరయ్యేకొద్దీ ఇంకా చిక్కబడతాయి. మీరు చూస్తున్న ఎరుపు ఇనుముది. వాన నీరు చెత్తలోంచి దిగుతూ నల్లటి ఊటగా మారుతుంది, దాన్నే లీచేట్ అంటాం. అది భూమిలోకి దిగాక సూక్ష్మజీవులు దాన్ని తింటూ అక్కడి ఆక్సిజన్‌ను వాడేస్తాయి. దాంతో మట్టిలో, రాతిలో సహజంగా ఉన్న ఇనుము, మాంగనీస్ కరుగుతాయి. ఇనుము పట్టి ఉంచిన ఆర్సెనిక్ అనే విషం కూడా విడిపోతుంది. అంటే చెత్తలో ఆర్సెనిక్ లేకున్నా బోరులోకి రావచ్చు. ఇనుము కంటికి కనిపిస్తుంది, ఆర్సెనిక్‌కు రంగూ రుచీ ఉండవు. తాగునీటిలో అది లీటరుకు 10 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

యాంకర్: పైన కప్పేశాక కూడా ఎందుకు సార్?

పర్యావరణ ఇంజనీర్: కప్పితే కొత్త వాన దిగడం తగ్గుతుందండి. పాత యార్డుల్లో చాలావాటికి అడుగున లైనర్, అంటే ఊట కిందికి ఇంకకుండా పరిచే పొర, లేదు. నానిన చెత్త ఏళ్ల తరబడి కారుతూనే ఉంటుంది. అమెరికా 1991లో తెచ్చిన నిబంధనల్లో, మూసిన తర్వాత కూడా మామూలుగా 30 ఏళ్లు యార్డును కనిపెట్టుకుని ఉండాలన్నారు.

యాంకర్: పాడైన నీటిని తోడేయలేమా?

ఇంజనీర్: తోడి శుద్ధి చేస్తారు. పంపు ఆపితే మట్టికి అంటుకున్నవి మళ్లీ నీళ్లలోకి వస్తాయి. లీచేట్‌ను అడ్డుకోకుండా తోడుతూ కూర్చుంటే తరగదు.

శాస్త్రవేత్త: అసలు నీరు ఎటు పారుతోందో ముందు తేలాలి. యార్డుకు ఎగువన ఒక పరిశీలన బావి, దిగువన కొన్ని ఉండాలి. ఎగువన లేని క్లోరైడ్, అమ్మోనియా దిగువన పెరిగితే యార్డునే అనుమానించాలి. రాతి నేలల్లో నీరు పగుళ్ల వెంట పోతుంది. పక్కింటి బోరు బాగుందని మీది బాగున్నట్టు కాదు.

స్థానికురాలు: అదంతా తేలేదాకా మేం ఏం తాగాలి సార్?

ఇంజనీర్: తాగడానికి, వంటకు ఆ బోరు వాడొద్దమ్మా. శుద్ధికి ఏళ్లు పడుతుంది. వేరేచోటి మంచినీళ్లు మాత్రం ఈ వారమే ఇవ్వాలి, దానికి ఏ పరీక్ష కోసమూ ఆగక్కర్లేదు.

స్థానికురాలు: శాంపిళ్లు తీసుకెళ్తారు, రిపోర్టు చూపించరు.

శాస్త్రవేత్త: రాసి అడగండమ్మా. మీ బోరుది, ఎగువ బావిది, రెండూ అడగండి.